పది నెలల షిట్జూకు ఉన్నట్టుండి చిక్కులు: గుండు కొట్టించాలా, దువ్వుతూ ఉండాలా?

మీరు రాసిన దాంట్లో ముఖ్యమైనవి ముందు ఒకసారి చెప్పుకుందాం. తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఇల్లు, షిట్జూ అనే పొడుగు జుట్టు జాతి ఆడ కుక్క, పది నెలలు నిండాయి. మొన్నమొన్నటి దాకా వారానికి రెండుసార్లు దువ్వితే సరిపోయేది. ఇప్పుడు రోజూ దువ్వుతున్నా చెవుల వెనక, చంకల్లో ఉండలు కడుతున్నాయి. షాంపూ మార్చారు, బ్రష్ మార్చారు, లాభం లేదు. కుక్కల జుట్టు కత్తిరించే గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్తే "గుండు కొట్టించేయండి మేడమ్, మళ్లీ ఒత్తుగా వస్తుంది" అన్నాడు. మీ అత్తగారిదీ అదే మాట. వచ్చే నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అనుకుంటున్నారు.

తప్పు షాంపూది కాదు. మీ బ్రష్‌ది కొంచెం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. అసలు కారణం వయసు.

పుట్టు వెంట్రుకల సంగతి మన ఊరివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎక్కడెక్కడి నుంచో చంటిబిడ్డలను ఎత్తుకొని ఆ మొక్కు తీర్చడానికే కొండకు వస్తుంటారు. కుక్కపిల్లకూ అలాంటి పుట్టు జుట్టే ఉంటుంది. సన్నగా, మెత్తగా, ఒంటికి అంటుకున్నట్టు ఉంటుంది. కాకపోతే దానికి మొక్కూ లేదు, కత్తీ లేదు. ఆ జుట్టు తనంతట తాను ఊడి, దాని చోట బరువైన, కాస్త గట్టి జుట్టు వస్తుంది. షిట్జూల్లో ఇది ఎక్కువగా 8 నుంచి 12 నెలల మధ్య మొదలవుతుంది. కొన్నింటికి మూడు నాలుగు వారాల్లో తెమిలిపోతుంది, కొన్నింటికి రెండు మూడు నెలలు సాగుతుంది. మీరు సరిగ్గా దాని మధ్యలో ఉన్నారు.

మరి చిక్కులెందుకు? పొట్టి జుట్టు కుక్కకు వెంట్రుక ఊడితే నేల మీద పడుతుంది, మీ సోఫా మీద పడుతుంది, పీడా పోతుంది. షిట్జూకు ఊడిన వెంట్రుక కింద పడేందుకు దారి ఉండదు. చుట్టూ పొడుగు జుట్టు ఉంటుంది కాబట్టి మధ్యలోనే ఇరుక్కుని, కొత్తగా మొలిచే వెంట్రుకకు చుట్టుకుంటుంది. వెంట్రుక మీద కంటికి కనిపించనంత చిన్న పొలుసులుంటాయి. తడి తగిలితే అవి విచ్చుకుంటాయి, రాపిడి తగిలితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే ఉండలు ఎక్కడ పడితే అక్కడ రావు, రాపిడి ఉన్నచోటే వస్తాయి: చెవుల వెనక, చంకలు, తొడల లోపల, తోక మొదట్లో, మెడ పట్టీ కింద. "షిట్జూకు జుట్టు రాలదండీ" అని అమ్మేవాళ్లు చెప్పే మాట సగమే నిజం. రాలుతుంది, మన కంట పడకుండా లోపలే ఉంటుంది.

ఈ రెండు మూడు నెలలూ పట్టీ, హార్నెస్ ఇంట్లో తీసేయండి. బయటికి వెళ్లేటప్పుడు వేసి, రాగానే తీస్తే సగం మెడ చిక్కులు అక్కడే ఆగిపోతాయి. ఫోటోల కోసం వేసే గౌన్లు, టీషర్టులు కూడా కొన్నాళ్లు అల్మారాలోనే ఉండనివ్వండి. ముద్దుగానే ఉంటాయి, కానీ చంకల్లో ఉండలు కట్టేది వాటివల్లే.

ఇప్పుడు బ్రష్ సంగతి. మీరు కొన్నది స్లిక్కర్ బ్రష్, అంటే వంకర తీగల పళ్లు దగ్గరదగ్గరగా ఉండేది. అది చెడ్డదేం కాదు. ఇబ్బందల్లా అది పైపైన పోవడం. చిత్తూరు నుంచి ఒకాయన తన లాసాను తెచ్చాడు, అదీ పొడుగు జుట్టు కుక్కే. రోజూ పొద్దున అరగంట దువ్వుతానని చెప్పాడు, అబద్ధం కాదు, పైన జుట్టు నిగనిగలాడుతోంది, మధ్యపాపిడి గీత గీసినట్టు ఉంది. స్టీలు దువ్వెన తీసుకుని నడుం దగ్గర వెంట్రుకల్లోకి నిటారుగా దించాను. అర అంగుళం దిగి ఆగిపోయింది. వేళ్లతో జుట్టు విడదీసి చూస్తే చర్మం కనపడలేదు. పైజుట్టు కింద, చర్మానికి ఆనుకుని, బూడిద రంగులో దళసరి పొర ఒకటి వీపు నుంచి పొట్ట దాకా పరుచుకుని ఉంది. మిషన్ పెట్టి తీస్తే ముక్కలుగా కాదు, ఒకే అట్టగా ఊడొచ్చింది. దాని కింద చర్మం ఎర్రగా, చెమ్మగా ఉంది, రెండు చోట్ల రసి కారుతోంది. ఆ మనిషి రోజూ దువ్వింది ఆ అట్ట పైభాగాన్ని.

అందుకని బ్రష్ పనివాడనుకుంటే దువ్వెన మేస్త్రీ. బ్రష్‌తో చిక్కు విప్పండి, విడిపోయిందా లేదా అన్నది మాత్రం దువ్వెనతోనే తేల్చుకోండి. ఒకవైపు పళ్లు ఎడంగా, ఇంకోవైపు దగ్గరగా ఉండే స్టీలు దువ్వెన కొనండి. మొదట ఎడం పళ్లు, తర్వాత దగ్గర పళ్లు. అది చర్మం నుంచి కొసదాకా ఎక్కడా ఆగకుండా పోతేనే ఆ చోటు అయినట్టు. రెండోది పిన్ బ్రష్, నిటారు పళ్లు ఎడంగా ఉంటాయి. పళ్ల చివర గుండ్రటి బుడిపెలు లేనిది చూసుకోండి, ఆ బుడిపెలు పొడుగు జుట్టును పట్టి లాగి తెంపుతాయి. పళ్ల మధ్య బ్లేడు ఉండే డీషెడ్డింగ్ పరికరాలు ఆన్‌లైన్‌లో బాగా అమ్ముతున్నారు. అవి లాబ్రడార్ లాంటి వాటికి బాగుంటాయి, షిట్జూ జుట్టును కోసేస్తాయి. డబ్బులు దండగ.

దువ్వే పద్ధతి మాటల్లో చెప్పడం కష్టమే, అయినా ప్రయత్నిస్తాను. ముందు ఒక స్ప్రే బాటిల్లో నీళ్లు పోసి, కుక్కల కండిషనర్ నాలుగైదు చుక్కలు కలపండి. పొడి జుట్టును ఎప్పుడూ దువ్వకూడదు, తెగుతుంది. అలాగని తడిపేయకూడదు, మంచు పడ్డట్టు ఉంటే చాలు. కుక్కను పక్కకు పడుకోబెట్టండి. మొదట్లో పడుకోదు, లేచి మీ మూతి నాకుతుంది, పర్వాలేదు. వెనక కాలి పాదం దగ్గర మొదలుపెట్టండి. ఎడమ చేత్తో కాలి మీది జుట్టంతా పైకి ఎత్తి పట్టుకుని, అడుగున ఒక్క వరస మాత్రం కిందికి వదలండి. ఎత్తిపట్టిన జుట్టుకూ వదిలిన వరసకూ మధ్య చర్మం తెల్లటి గీతగా కనపడాలి. ఆ గీత కనపడకపోతే మీరు పైపైన దువ్వుతున్నట్టే లెక్క. ఆ వరసను పిన్ బ్రష్‌తో, తర్వాత దువ్వెనతో దువ్వి, ఇంకో వరస వదలండి. అలా పాదం నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు, వరస మీద వరస పైకి రావాలి. తర్వాత రెండో వైపు. చివర్లో తల, చెవులు. చెవి దువ్వేటప్పుడు దాన్ని అరచేతిలో పరుచుకోండి, అంచు దగ్గర చర్మం పలచగా ఉంటుంది, దువ్వెన పళ్లకు గీరుకుంటుంది.

ఒకేరోజు కుక్క మొత్తం చేయాలని పట్టుబట్టకండి. ఈ రోజు వెనక కాళ్లు, రేపు ఒక పక్క, ఎల్లుండి ఇంకో పక్క, ఇలా పంచుకోండి. చెవుల వెనక, చంకలు మాత్రం రోజూ చూడాల్సిందే. పది నిమిషాల పని. టీవీ సీరియల్లో ఒక అడ్వర్‌టైజ్‌మెంట్ బ్రేక్‌కు ఒక కాలు అయిపోతుందని మా వీధిలో ఒకామె అంటుంది.

ఇప్పటికే కట్టిన ఉండల మాట. కత్తెర జోలికి పోకండి. ఉండ చర్మాన్ని పైకి లాక్కుని ఉంటుంది, మీకు జుట్టులా కనిపించేది నిజానికి చర్మపు మడత అయి ఉంటుంది, కత్తెర దాన్నే కోస్తుంది. చెవి వెనక అలా తెగి కుట్లు వేయించుకున్న కుక్కలను చూశాను. చేయాల్సింది ఇది: ఉండకూ చర్మానికీ మధ్య రెండు వేళ్లు పెట్టి గట్టిగా పట్టుకోండి, అప్పుడు మీరు లాగినా నొప్పి చర్మం దాకా పోదు. కొంచెం కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్లతో నలపండి, పట్టు వదులవుతుంది. తర్వాత దువ్వెన చివరి పన్నుతో ఉండను నిలువునా చీల్చండి, అంటే చర్మం వైపు నుంచి కొసల వైపు. ఒక పెద్ద ఉండ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అప్పుడు కొసల నుంచి దువ్వుతూ లోపలికి రండి. వేలు దూరనంతగా చర్మానికి అతుక్కుపోయి ఉంటే విప్పాలని చూడటం కుక్కను హింసపెట్టడమే. ఆ ఒక్క చోట మిషన్‌తో తీయించేయండి. పదో నంబరు బ్లేడు ఒకటిన్నర మిల్లీమీటరు దాకా వదిలి కోస్తుంది, పట్టు తెలిసిన చేతిలో చర్మానికి గాయం కాదు. బ్లేడు నడుస్తుంటే వేడెక్కుతుంది, గ్రూమర్ మధ్యమధ్యలో తన మణికట్టుకు తాకించి చూసుకుంటున్నాడో లేదో గమనించండి. అది చేసే మనిషైతే నమ్మొచ్చు.

స్నానం విషయంలో మీరు తలకిందులుగా చేస్తున్నారు. చిక్కుగా ఉందని స్నానం చేయించి, తర్వాత దువ్వుతున్నానని రాశారు. నీళ్లు తగిలితే ఉండ బిగుసుకుంటుంది. ముందు పూర్తిగా దువ్వి, దువ్వెన సాఫీగా దిగాకే నీళ్లు పోయాలి. ఈ కాలంలో పది పన్నెండు రోజులకోసారి స్నానం మంచిదే. మురికి జుట్టు శుభ్రమైన జుట్టుకన్నా తొందరగా చిక్కుపడుతుంది. షాంపూను మగ్గులో నీళ్లతో పలచన చేసి పోయండి. మన తలంటు మాదిరి గుండ్రంగా రుద్దకుండా, జుట్టు పెరిగిన దారిలో కిందికి పిండుతూ పోవాలి. మనుషుల షాంపూ వద్దు, మన చర్మం కుక్క చర్మం కన్నా ఆమ్ల గుణం ఎక్కువున్నది, దానికి తగ్గట్టు చేసింది వాటికి పొడిబారుస్తుంది. కుంకుడుకాయ కూడా వద్దు. కంట్లో పడితే మనకే మంట, షిట్జూ కళ్లు బయటికి ఉంటాయి, అసలే సున్నితం. సబ్బు అసలే వద్దు. మన దగ్గర చాలా ఇళ్లలో బోరు నీళ్లు గట్టివి, సబ్బు నురగ రాదు, తెట్టు మాత్రం వెంట్రుకకు అంటుకుంటుంది. షాంపూ వాడినా ఇంకా జారుడు ఉందనిపించినంతసేపు కడగండి.

కొబ్బరినూనె రాయొచ్చా అని అడిగారు. మనకు కొబ్బరినూనె రాయని తల ఉండదు కాబట్టి ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. వద్దు. దుమ్ము పడుతుంది, దాంతో ఇంకా ముద్ద కడుతుంది, నాకి నాకి విరేచనాలు పెట్టుకుంటుంది. కొందరు పురుగులు పోవాలని అందులో కర్పూరం కలిపి రాస్తారు. కర్పూరం కుక్కలకు విషం, టీ ట్రీ ఆయిల్ కూడా అంతే.

స్నానం తర్వాత టవల్‌తో రుద్దకండి, ఒత్తి ఒత్తి నీళ్లు పీల్చండి. ఆ తర్వాత తక్కువ వేడి మీద డ్రయర్ పెడుతూ పిన్ బ్రష్‌తో దువ్వుతూ ఆరబెట్టాలి. దానంతట అది ఆరుతుందిలే అని వదిలేస్తే ముంగురులు తిరిగి ఆరి, ఆ ముంగురులే రేపటికి ఉండలవుతాయి. ఎండాకాలంలో ఏదో నడిచిపోతుంది కానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో గాలిలోనే తడి ఉంటుంది. చర్మం దగ్గర చెమ్మ నిలిచి, రాత్రికి రాత్రి పుండు పడే కేసులు నాకు ఎక్కువగా ఆ నెలల్లోనే వస్తాయి.

ఇక గుండు ప్రశ్న. కొట్టిస్తే ఒత్తుగా వస్తుందా? రాదు. పసిబిడ్డలకైనా గుండు వల్ల వెంట్రుక మందం పెరగదు, మొండి కొసలు బయటికి రావడంతో ఒత్తుగా అనిపిస్తుంది. వెంట్రుక ఎంత మందం రావాలన్నది చర్మం లోపల కుదురు దగ్గర తేలే విషయం, పైన కత్తి పెట్టినంత మాత్రాన కుదురుకు ఏమీ తెలియదు. మీ అత్తగారితో ఈ ముక్క మీరు చెప్పకండి, నేను చెప్పానని చెప్పండి.

అయితే షిట్జూ విషయంలో కత్తిరించడం ప్రమాదమూ కాదు. దాని జుట్టు మన తలజుట్టు మాదిరే చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది, కోస్తే మళ్లీ వస్తుంది. లాసా, మాల్టీస్, యార్క్‌షైర్ టెరియర్ అన్నీ ఇంతే. కాబట్టి మీ ఇంట్లో రోజూ పావుగంట కూర్చునే మనిషి లేకపోతే, ఒంటి మీద ఒక అంగుళం ఉంచి కత్తిరించే పప్పీ కట్ చేయించండి. నిజం చెప్పాలంటే మన ఊళ్లో షిట్జూ ఉన్న ఇళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది అదే. నేలను ఊడ్చే జుట్టు డాగ్ షోలకు వెళ్లేవాళ్ల సరదా. వాళ్లు దాన్ని కాగితాల్లో మడిచి రబ్బరు బ్యాండ్లు వేసి కాపాడతారు, ఆ కుక్క వీధిలో తిరగదు. కానీ చర్మం కనపడేలా సున్నా చేయించడం వేరు. ఎండ నేరుగా తగులుతుంది, దోమలు, ఈగలు కుడతాయి, పైగా కొన్ని కుక్కలు గుండు తర్వాత రెండు రోజులు మంచం కిందే ఉంటాయి. ఒళ్లంతా అట్ట కట్టిపోయి వేరే దారి లేనప్పుడే అది. మీరు రాసినదాన్ని బట్టి మీ కుక్క ఆ స్థితిలో లేదు.

గ్రూమర్‌కు చెప్పేటప్పుడు "కొంచెం తగ్గించండి" అంటే ఆయన కొంచెం వేరు, మీ కొంచెం వేరు. వేలితో చూపించండి, ఒంటి మీద ఇంత, చెవులూ తోకా ముట్టుకోవద్దు, మూతి దగ్గర గుండ్రంగా, పాదాల కింద మెత్తల మధ్య జుట్టు పూర్తిగా తీసేయాలి అని. పాదాల జుట్టు మర్చిపోకండి, గ్రానైట్ నేల మీద జారి కాళ్లు విడిపోతాయి.

ఇదే సలహా మీ పక్కింటివాళ్లు తమ పామ్‌కు తీసుకుంటే మాత్రం కొంప మునుగుతుంది, అందుకే ఈ ముక్క వాళ్లకు చదివి వినిపించండి. పామరేనియన్‌కూ, మన వీధుల్లో పామ్ అని పిలుచుకునే ఇండియన్ స్పిట్జ్‌కూ, గోల్డెన్ రిట్రీవర్‌కూ రెండు పొరల జుట్టు. లోపల దూది పొర, పైన గట్టి వెంట్రుకలు. ఆ పై వెంట్రుకలు ఒక పొడవుకు పెరిగి ఆగిపోతాయి, ఎక్కువకాలం విశ్రాంతి దశలోనే ఉంటాయి. గొరిగితే మళ్లీ రావడానికి ఆరు నెలలు, ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. వచ్చాక కూడా అతుకులు అతుకులుగా, రంగు తేడాగా రావొచ్చు. "ఎండలు మండిపోతున్నాయి, పాపం" అని రోహిణి కార్తెకు ముందు గోల్డెన్లను తెచ్చి గుండు కొట్టమంటారు. నేను చేయను. కుక్క వేడి తగ్గించుకునేది ముఖ్యంగా రొప్పడంతో, చర్మం మీద చెమటతో కాదు. ఊడిన లోపలి పొరను దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, అది చాలు.

వీటికి జుట్టు మారే వయసు కూడా వేరు. పామ్ పిల్ల నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ముఖం సన్నబడి, కాళ్లు బయటపడి, ఇదేం కుక్కరా అన్నట్టు తయారవుతుంది. అమ్మినవాళ్లు మోసం చేశారని గొడవకు వెళ్లినవాళ్లు ఉన్నారు. ఏడాది తిరిగేసరికి జుట్టు కమ్ముకుంటుంది, నిండుగా రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. గోల్డెన్‌కు ఐదారు నెలలప్పుడు వెన్ను మీద, తోక మీద ముదురు రంగు గట్టి వెంట్రుకలు గీతగా మొదలవుతాయి. కాళ్ల వెనక, తోక కింద వేలాడే కుచ్చులు ఏడాదిన్నర, రెండేళ్లకు గానీ పూర్తిగా రావు. పెద్దయ్యాక ఏ రంగు అవుతుందో చూడాలంటే పిల్లప్పుడు దాని చెవుల రంగు చూడండి, దాదాపు అదే.

మీ దగ్గరికి వస్తే, ఎండల్లో షిట్జూకు అసలు భయం జుట్టు వల్ల కాదు, సరిగ్గా రొప్పనివ్వని చప్పిడి ముక్కు వల్ల. మే నెలలో మనకు నలభై డిగ్రీలు దాటడం మామూలే. తెల్లవారుజామున ఆరులోపు, రాత్రి రోడ్డు చల్లారాక, ఆ రెండు పూటలే నడిపించండి. అరచేతిని రోడ్డు మీద పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

వానలు పడ్డాక ఇంకో తలనొప్పి. ఖాళీ ప్లాట్లలో ఉత్తరేణి పెరుగుతుంది, దాని గింజలు కాళ్ల జుట్టుకు వరసగా అంటుకుంటాయి. పల్లేరు కాయలు వేళ్ల మధ్య దిగుతాయి. ఇంటికి రాగానే, గుమ్మం దగ్గరే, చేత్తో తడిమి తీసేయండి. ఒక్క రాత్రి వదిలేస్తే ఆ గింజ చుట్టూ ఉండ కట్టేస్తుంది. అదే చేత్తో గోమార్లు కూడా చూసుకోండి: చెవి లోపలి మడత, వేళ్ల సందులు, చంకలు, పట్టీ కింద. పొడుగు జుట్టు కుక్కలో మీకు కనిపించేసరికి అవి బఠాణీ గింజంత అయి ఉంటాయి. వాటివల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు మన దగ్గర చాలా మామూలు. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, నీరసంగా ఉంటే రేపు చూద్దాం అనుకోకుండా రక్త పరీక్ష చేయించండి. నివారణకు మెడ మీద వేసే చుక్కలున్నాయి, నోటితో ఇచ్చే మాత్రలున్నాయి, బరువును బట్టి డాక్టరే చెప్పాలి. చుక్కల మందు వేసేటప్పుడు దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం ఆపండి.

తిండి గురించి మీరు అడగలేదు, కానీ "మేం శాకాహారులం, పెరుగన్నం బాగా తింటుంది" అని ఒక వాక్యం రాశారు. వెంట్రుక దాదాపు మొత్తం ప్రోటీనే. జుట్టంతా కొత్తగా కట్టుకునే వయసులో పెరుగన్నం మీద బతికితే వచ్చే జుట్టు పీచుగా, కళ లేకుండా వస్తుంది, తొందరగా తెగుతుంది, తెగిన జుట్టు చిక్కుపడుతుంది. ఇంట్లో గుడ్డు వండకూడదంటే వండకండి, మంచి కంపెనీ పప్పీ ఫుడ్ ఏదైనా సరే ముఖ్య ఆహారంగా పెట్టి, పెరుగన్నాన్ని పక్కన రెండు ముద్దలుగా ఉంచండి. ఇంకొకటి. మన ఇళ్లలో శ్రీవారి లడ్డూ ఎప్పుడూ ఉంటుంది, ప్రసాదమే కదా అని కుక్కకూ ఒక ముక్క పెడతారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి, చిన్న కుక్కకు కొన్ని గింజలు చాలు. దేవుడికి దండం పెట్టుకుని అది మీరే తినండి.

కళ్ల మీద పడే జుట్టుకు చిన్న పిలక వేయండి, పల్చటి రబ్బరు బ్యాండుతో, వదులుగా. కనుబొమలు పైకి లాక్కున్నట్టు ఉంటే బిగించారని అర్థం. రోజూ విప్పి మళ్లీ వేయాలి, బ్యాండు లాగకుండా కత్తిరించి తీయాలి. కన్ను మూసుకుని తెరవకపోతే, నీళ్లు కారుతుంటే, వెంట్రుక గీరుకుని పుండు పడి ఉండొచ్చు. అది ఆ రోజే చూపించాల్సిన విషయం.

జుట్టు మారడం వల్ల జరగనివి కూడా తెలిసి ఉండాలి. షిట్జూకు పుట్టు జుట్టు ఊడుతున్నప్పుడు బోడి మచ్చలు పడవు. దురద పుట్టదు. వాసన రాదు. రూపాయి బిళ్లంత గుండ్రంగా జుట్టు ఊడితే తామర కావచ్చు, అది పిల్లలకూ అంటుకుంటుంది. కళ్ల చుట్టూ, ముందు కాళ్ల మీద ఊడితే డెమోడెక్స్ అనే పురుగు కావచ్చు. చెవుల్లోంచి, వేళ్ల మధ్య నుంచి పులిసిన వాసన వస్తే ఈస్ట్ అనే ఫంగస్ కావచ్చు. ఇవేవీ దువ్వెనతో తగ్గవు. ఈ విషయంలో మన ఊరు అదృష్టవంతురాలు. 1955 నుంచి ఉన్న వెటర్నరీ కాలేజీ ఇక్కడే ఉంది, 2005లో వచ్చిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందే నడుస్తోంది. ఆ ఆసుపత్రిలో చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూసి చెప్తారు. మందుల షాపులో ఏదో ఒక ఆయింట్‌మెంట్ కొని పూసి వెళ్తే మాత్రం పరీక్షలో ఏమీ తేలదు, పూయకుండా వెళ్లండి.

చివరగా మీ ఆపరేషన్. చేయించండి, కానీ తేదీ ఖాయం చేసేముందు ఒక లెక్క వేసుకోండి. కుట్లు మానేదాకా పది నుంచి పద్నాలుగు రోజులు స్నానం ఉండదు, కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కోను ఉంటుంది. జుట్టు మారే సమయంలో ఆ రెండు వారాలు చాలు, మెడ చుట్టూ కంబళి తయారవడానికి. డాక్టరు తొందరేం లేదంటే ఒకటి రెండు నెలలు ఆగి, దువ్వెన మళ్లీ సాఫీగా దిగడం మొదలయ్యాక చేయించండి. ఆగడానికి వీల్లేదంటే ముందు రోజే ఒక అంగుళానికి పప్పీ కట్ చేయించి, స్నానం చేయించి, పూర్తిగా ఆరబెట్టి తీసుకెళ్లండి. తర్వాత రోజుకు రెండుసార్లు, మీరు పక్కనే కూర్చుని కోను తీసి, మెడా చెవుల వెనకా దువ్వి, వెంటనే తొడగండి. పొట్ట మీద గొరిగిన చోట కొత్త జుట్టు మొదట ముదురు రంగులో, ముతకగా రావొచ్చు, కంగారుపడకండి. ఆపరేషన్ తర్వాత కొన్ని కుక్కలకు జుట్టు ఉన్ని మాదిరి మెత్తబడి ఎక్కువ చిక్కుపడుతుంది, గోల్డెన్లలో, స్పానియల్స్‌లో ఇది ఎక్కువ, షిట్జూల్లో తక్కువే చూశాను. అలా అయితే పప్పీ కట్‌నే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొనసాగించండి. ఉండల ఫోటో నాకు పెట్టాలనుకుంటే పైనుంచి కాకుండా, చెవి ఎత్తిపట్టి వెనక భాగం కనపడేలా తీసి పెట్టండి, ఏ ఉండ విప్పొచ్చో ఏది తీయించాలో చెప్తాను.